గాజుబిళ్ల కింది చుక్క

ఆ మైక్రోస్కోపు మా బడికి వచ్చిన రోజున నేను మొహం చిట్లించాను. పెద్దాసుపత్రి లేబొరేటరీవాళ్లు కొత్తవి తెప్పించుకుని పాతదాన్ని వదిలించుకుంటుంటే, మా ఒకటో తరగతి టీచరు అడిగి మరీ తెచ్చుకుంది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని మెట్లెక్కి, నా బల్ల మీద దించింది. బడిలో చేరకముందు ఆమె ఆ లేబొరేటరీలోనే పనిచేసేది. ఏళ్ల తరబడి మనుషుల్ని చుక్కలు చుక్కలుగా చూసి విసుగెత్తి, నిండు మనుషుల్ని చూడాలనిపించి ఇటు వచ్చానంటుంది.

"ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలకు మైక్రోస్కోపా? కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టుంటుంది," అన్నాను.

"కోతి కొబ్బరికాయని ఎంత శ్రద్ధగా చూస్తుందో మీరెప్పుడైనా గమనించారా మేడమ్?" అంది.

"గోరంతను కొండంత చేసి చూపడానికి ఇంత సరంజామా దేనికి? మన స్టాఫ్‌రూమ్‌లో ఆ పని రోజూ ఉత్తినే జరుగుతోందిగా."

ఆమె నవ్వింది కానీ దాన్ని తీసుకుపోలేదు. నేను ఆ బడికి పెద్దను. నా ఊ లేకుండా అక్కడ సుద్దముక్క కూడా కదలదు. కాసేపు బెట్టు చేసి, ఊ అన్నాను.

ఒకటో తరగతి గదిలో కిటికీ పక్కన బల్ల వేసి దాన్ని అక్కడ పెట్టింది. పిల్లలకు అందడం కోసం ఒక చెక్కపెట్టెను బోర్లించింది. వెలుతురు పైకి మళ్లేలా కింద ఉన్న చిన్న అద్దాన్ని తిప్పింది. పెట్టె ఎక్కేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. రెండో కన్ను మూసుకోకూడదు. చూసి దిగినవాళ్లు ఏం కనబడిందో పైకి అనకుండా ముందు బొమ్మ గీయాలి. అందరూ గీసిన తర్వాతే మాటలు, పేర్లు.

"ముందే చెప్పేస్తే వినేవాడికి అదే కనబడుతుంది మేడమ్. ఎవరి కళ్లు వాళ్లవి," అని నాకు వివరించింది.

మొదటి రోజున పెట్టె ఎక్కిన ఒక పిల్లవాడు ఆ నియమాన్ని గాలికొదిలేసి "అడవి!" అని అరిచాడు. తీరా చూస్తే అవి వాడి కనురెప్పల వెంట్రుకలు. పంచదార పలుకును ఒక అమ్మాయి గాజు మేడలా గీసింది. ఉల్లిపొరను దాదాపు అందరూ ఇటుక గోడలాగే గీశారు, ఒకరి బొమ్మ ఒకరు చూడకుండానే. నాకు ముచ్చటేసింది. పిల్లలు ఇళ్లకు పోయాక నా చేతిరుమాలు పోగు ఒకటి పెట్టుకుని నేనూ చూశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్దరికం కూడా ఒక బరువే.

ఆ తరగతిలో వసపిట్ట అని ఒక పిల్ల ఉండేది. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది వాగే వాగుడికి మేమందరం అలాగే పిలిచేవాళ్లం. బడి గంట మోగేలోపే ఇంట్లో జరిగిన కబుర్లన్నీ నా బల్ల దగ్గర ఒప్పజెప్పి పోయేది. వాటిలో సగం దాని తమ్ముడి గురించే. వాడికి కొత్త పన్ను రావడం, వాడు చెప్పులు తలకు పెట్టుకోవడం, ఎవరు పిలిచినా పలకకుండా అక్క పిలిస్తే మాత్రం పాక్కుంటూ రావడం. వాళ్లమ్మ హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. నాన్న లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. తల్లి పనికి వెళ్లినప్పుడు పిల్లలిద్దరినీ పక్కింటావిడ చూసుకునేది.

ఆ తమ్ముడు వానాకాలంలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని చనిపోయాడు. పాడైన నీళ్లు కడుపులోకి పోయాయన్నారు డాక్టర్లు. నేను వెళ్లి పలకరించి వచ్చాను. కొన్నాళ్లకు వసపిట్ట బడికి వచ్చింది, కానీ మాట రాలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. పిల్లలు ఊరుకుంటారా, "పిట్ట ఎగిరిపోయింది, గూడు మిగిలింది" అని పాట కట్టారు. నేను ఇద్దరికి చెవులు మెలిపెట్టాక మానేశారు. దుఃఖమే కదా, కాలం గడిస్తే అదే తగ్గుతుందనుకున్నాను. దాని లోపల ఇంకేదో ఉందని నాకు తట్టనే లేదు.

ఆ వారం పాఠం నీరు. పిల్లలు తలొక చోటి నుంచీ నీళ్లు తెచ్చారు. వీధి గుంటలోవి, చేపల తొట్టిలోవి, నా బల్ల మీది పూలసీసాలోవి. "మీరు నీళ్లు మార్చకపోవడం మాకు కలిసొచ్చింది మేడమ్," అని టీచరు నన్నొక పోటు పొడిచింది. ఆ నీళ్లే అన్నిటికంటే రద్దీగా ఉన్నాయట. చెప్పు ఆకారంలో ఉన్నవి, గంటలా వేలాడుతున్నవి, గిర్రున తిరుగుతున్నవి. చేతులు వెనక్కి కట్టుకున్న పిల్లలు పెట్టె మీదే గెంతారు. ఆ గోలకు నేను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను.

వసపిట్ట వంతు వచ్చింది. పెట్టె ఎక్కి కన్ను ఆనించింది. చాలాసేపు కదల్లేదు. వెనక ఉన్నవాళ్లు గొణుగుతున్నా టీచరు దాన్ని దించలేదు. అప్పుడు ఆ పిల్ల, కన్ను తీయకుండానే, నోరు విప్పింది.

"ఇవి మనిషి లోపలికి పోతే?"

టీచరు నావైపు చూసింది. ఆమె మొహం వెలిగిపోతోంది. నాకూ గుండె ఉప్పొంగింది. పిట్ట పలికింది! ఆ సంబరంలో పాఠంలో ఉన్న జవాబే ఆమె నోటి నుంచి వచ్చేసింది.

"లోపలికి పోతే జబ్బు చేస్తుంది బంగారూ. అందుకే నీళ్లు కాచి తాగాలి."

వసపిట్ట పెట్టె దిగి తన చోటికి వెళ్లింది. బొమ్మ గీయలేదు.

తర్వాత ఒక ఉదయం వాళ్లమ్మ నా గదికి వచ్చింది. లాండ్రీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది. చేతులు సోడాకు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం చూపించారండీ మా పిల్లకి? నీళ్లు ముట్టట్లేదు. బతిమాలితే రెండు గుటకల పాలు. గ్లాసు దగ్గరికి తీసుకెళ్తే పళ్లు బిగబట్టేస్తుంది. పెదాలు చూశారా ఎలా పగిలిపోయాయో. నిన్న మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. దానికేమన్నా అయితే నేనేం కావాలండీ? ఒకడు పోయాడు, చాలదా?"

నేను టీచర్ని పిలిపించాను. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి వింటూ వింటూ గోడకు చేరగిలబడింది.

"ఆ నీళ్లు వాడికి పట్టింది మా పిల్లేనమ్మా," అంది నేల చూపులు చూస్తూ. "కాచిన నీళ్లు అయిపోయాయి. కుళాయి రాలేదు. పక్కింటావిడకి కునుకు పట్టింది. వాడు దాహమని ఏడుస్తుంటే మెట్ల కింద వాననీళ్ల పీపాలోంచి ముంచి తెచ్చి తాగించింది. నాలుగు గ్లాసుల నీళ్లు కూడా ఎత్తలేని పిల్ల. వాడేమో అక్క ఇస్తే విషమైనా తాగేవాడు."

అన్నాక ఆ చివరి మాట తనకే తగిలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో నాకే తెలియదు. ఆ యంత్రాన్ని తీసి అటక మీద పడేసి, గదికి తాళం వేయాలనిపించింది. అదే మాట అన్నాను కూడా.

"పడేద్దాం మేడమ్," అంది టీచరు. "కానీ పిల్ల దాంట్లో చూసినదాన్ని చూడనట్టు మనం చేయలేం. భయం దాంట్లోంచే వచ్చింది, దాంట్లోంచే పోవాలి."

పిల్లలందరినీ నా తరగతిలో కూర్చోబెట్టి, ఒకటో తరగతి గదిని ఖాళీ చేశాం. వసపిట్ట, వాళ్లమ్మ, టీచరు, నేను. స్టాఫ్‌రూమ్ పొయ్యి మీద టీచరు నీళ్లు తెర్లబెట్టి, చల్లార్చి తెచ్చింది. స్లైడు మీద ఒక చుక్క వేసి, దాని మీద పల్చటి గాజుబిళ్ల వేసింది. తల్లి పక్కనే నిలబడి ఉంది. నేను అంతకంటే దగ్గరగా నిలబడ్డాను. ఆ కంగారులో టీచరు గాజుబిళ్లను పళ్లెం మీద మూత పెట్టినట్టు టప్పున పెట్టేసింది.

"కాచిన నీళ్లు, అమ్మలూ. వీటిలో ఏమీ ఉండదు. నువ్వే చూడు."

అన్నేళ్లు ఆ పని చేసినామె ఒక్క గుక్కలో రెండు పొరపాట్లు చేసింది. చూడకముందే చెప్పేయడం ఒకటి. రెండోది నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

వసపిట్ట పెట్టె ఎక్కింది. చూసి, వెంటనే వెనక్కి జరిగింది.

"ఉన్నాయి," అంది. "గుండ్రంగా. నల్ల అంచులతో. పెద్దవి."

టీచరు తను చూసి నాలుక కరుచుకుంది. "గాలి బుడగలు తల్లీ! బిళ్ల కింద గాలి ఇరుక్కుంది, అంతే. ప్రాణమున్నవి కావు. నిజంగా."

పిల్ల ఆమెను నిదానంగా చూసింది. ఆరేళ్ల మొహంలో ఆ చూపు ఉండకూడదు.

"తమ్ముడు నిద్రపోతున్నాడని కూడా చెప్పారు," అంది.

తల్లి కిటికీ వైపు తిరిగిపోయింది. పెద్దవాళ్ల మాట మీద ఆ పిల్లకు నమ్మకం పోయింది, అది పోగొట్టింది మేమే. ఇక ఎన్ని ఒట్లు పెట్టుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

టీచరు నేల మీద బాసింపట్టు వేసుకుని, పిల్ల ఎత్తుకు దిగి కూర్చుంది.

"సరే, నా మాట నమ్మకు. నేను ముట్టుకోను. నువ్వే చెయ్యి. ముందు నాకు బుడగలు చేసి చూపించు. ఎన్ని కావాలంటే అన్ని. తర్వాత బుడగల్లేకుండా చెయ్యి. అప్పుడు ఏది గాలో ఏది కాదో నువ్వే నాకు చెబుదువుగాని."

పిల్ల బల్ల మీది పుల్లనూ గాజుబిళ్లల డబ్బానూ చూసింది. తర్వాత చెయ్యి చాచింది.

మొదట బిళ్లను అడ్డదిడ్డంగా వేసింది. బుడగలు. నీళ్లలో పుల్ల పెట్టి చిలికి వేసింది. చిన్నవీ పెద్దవీ బోలెడు బుడగలు, అన్నిటికీ అవే నల్ల అంచులు. తను చేసిందే తనకు కనబడుతోంది. బిళ్లను పుల్లతో నొక్కితే ఒక బుడగ జారి అంచు దాకా పోయి మాయమైంది. అది చూసి మళ్లీ నొక్కింది. గాజుబిళ్లలు పుటుక్కున విరిగాయి. విరిగినప్పుడల్లా నా నోరు తెరుచుకోబోయింది, టీచరు కళ్లతోనే నా నోరు మూయించింది. నన్ను అలా చూసే ధైర్యం ఆ బడిలో ఇంకెవరికీ లేదు.

తర్వాత టీచరు, తాకకుండా, గాలిలో తన చేత్తో చేసి చూపింది. బిళ్ల ఒక అంచును ముందు నీళ్లకు ఆనించాలి. రెండో అంచు కింద పుల్ల పెట్టి, నిద్రపోయే పిల్లాడిని పడుకోబెట్టినట్టు మెల్లగా దించాలి. ఆ పోలిక నోటి నుంచి వచ్చాక ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వసపిట్ట మాత్రం తల ఊపింది. ఆ దించడం దానికి తెలుసు. ఎన్నిసార్లు దించి ఉంటుందో.

బిళ్ల నీళ్ల మీద మెల్లగా వాలింది. పిల్ల పెట్టె ఎక్కి కన్ను ఆనించింది. స్లైడును ఇటు జరిపింది, అటు జరిపింది. కిటికీ వెలుతురు దాని చెంప మీద పడుతోంది.

"ఏమీ లేదు," అంది చివరికి. ఎవరూ చెప్పకుండా. "ఉత్త వెలుతురే ఉంది."

తల్లి గబగబా గ్లాసులో కాచిన నీళ్లు పోసి తెచ్చింది. పిల్ల దాన్ని అందుకోలేదు. టీచర్నే చూస్తోంది.

"మా పీపా నీళ్లలో ఉన్నాయా?"

అబద్ధం చెప్పు, అని నేను మనసులో అరిచాను. ఒక్క అబద్ధం, ఏం పోయింది? పసిపిల్ల, నీళ్లు తాగి బతకనీ. టీచరు నా మొహంలో అది చదివింది, అయినా వద్దన్నట్టు నాకు తల అడ్డంగా ఊపి పిల్ల వైపు తిరిగింది.

"ఉండి ఉంటాయి అమ్మలూ. నువ్వు మొన్న చూసినవి పెద్దగా ఏమీ చేయవు. జబ్బు చేసేవి వాటికంటే ఇంకా చిన్నవి. అవే ఉండి ఉంటాయి."

"నేను చూశాను," అంది పిల్ల. "ముంచే ముందు చూశాను. ఆకు ఉంటే తీసేశాను. ఇంకేం కనబడలేదు. అమ్మేమో నీ కళ్లెక్కడ పెట్టుకున్నావే, చూసి పట్టలేవా అంది. నేను చూశాను టీచర్. సరిగ్గా చూడలేదేమో."

అప్పుడు గానీ అర్థం కాలేదు ఇన్నాళ్లూ ఆ పిల్ల మూసుకున్న నోట్లో ఏముందో. ఆ మాట ఏ తల్లి అనదు? పాలు ఒలికితే అంటాం, గ్లాసు పగిలితే అంటాం. నేను ఈ బడిలో రోజుకు పదిసార్లు అంటాను. కొడుకు చేతుల్లో చల్లబడుతుంటే, ఎవరిని ఏమనాలో తెలియక ఆవిడ కూడా అదే మాట అనేసింది. అన్న సంగతి ఆవిడకు గుర్తుందో లేదో. పిల్ల దగ్గర మాత్రం అక్షరం పొల్లుపోలేదు.

తల్లి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అరిచేయి చీరకు తుడుచుకుంది.

"నాకు చూపించండి," అంది టీచరుతో. "అది మొన్న చూసిన నీళ్లు. నేనూ చూస్తాను."

ఆ నీళ్లు సీసాలో ఇంకా ఉన్నాయి. టీచరు చుక్క వేసి, ఈసారి మెల్లగా బిళ్ల దించింది. ఏముందో చెప్పలేదు. తల్లి వంగి చూసింది. మొదట ఏమీ తెలియక, ఒక కన్ను చేత్తో మూసుకుంది. టీచరు ఆ చెయ్యి తీసి, పక్కనున్న మర మెల్లగా తిప్పింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి.

"అమ్మో," అంది. "ఇన్నా? ఇంత చుక్కలో?"

వాటిని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎవరినీ అడక్కుండా స్లైడును తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. కళ్లు చిట్లించింది, నలుపుకుంది, మళ్లీ చూసింది. గాజు మీద తడి తప్ప అక్కడ ఏమీ లేదు. ఏ మైలా లేని, తేటైన నీళ్లు. నేను వెళ్లి ఆవిడ భుజం మీది నుంచి చూశాను. నా కళ్లద్దాలతో కూడా ఏమీ కనబడలేదు.

ఆవిడ వెనక్కి వచ్చి పెట్టె ముందు కూలబడింది. పిల్ల పెట్టె మీద నిలబడి ఉంది, ఇద్దరి మొహాలూ ఒక ఎత్తులోకి వచ్చాయి. స్లైడు పట్టుకున్న చెయ్యి పిల్ల ముందు చాపింది.

"నాకూ కనబడట్లేదే," అంది. "చూడు, అవి లోపలే ఉన్నాయి, ఇప్పుడే చూశాను. ఉన్నాయని తెలిసి చూస్తున్నా కనబడట్లేదు. ఇంత పెద్దదాన్ని, నాకే కనబడట్లేదు. నీకెలా కనబడతాయే తల్లీ? తప్పు నీ కళ్లది కాదే. నా నోటిది."

పిల్ల ఆ గాజుముక్కను చూసింది. తర్వాత తల్లి కళ్లను చూసింది. ఆ కళ్లు అబద్ధం చెబుతున్నాయేమో వెతికినట్టు, ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి చూసింది. పెదవి వంకర తిరిగింది. తమ్ముడు పోయినప్పటి నుంచీ ఏడవని పిల్ల, తల్లి మెడ మీద పడి ఒక్కసారిగా ఏడ్చింది. ఏం ఏడుపది! గోడకవతల నా తరగతి పిల్లలందరూ నిశ్శబ్దమైపోయారు. టీచరు మొహం కొంగులో దాచుకుంది. నేను దాచుకోలేదు, నాకు ఆ ఓపిక లేకపోయింది.

ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పట్టాక, తల్లి మెడలోంచి సన్నగా ఒక మాట వినబడింది.

"దాహమేస్తోందమ్మా."

తల్లి చేతులు పిల్లను వదల్లేదు. గ్లాసు టీచరు అందించింది. పిల్ల రెండు చేతులా పట్టుకుని, నీళ్లలోకి చూడకుండా, గటగటా తాగింది. గడ్డం మీది నుంచి కారిన నీళ్లు తల్లి భుజం మీద పడ్డాయి. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, "ఇంకా," అంది.